బల్బులో కొత్త న్యూరాన్లు: వాటంతట అవే చస్తున్నాయా, మనమే చంపి లెక్కపెడుతున్నామా?

విభాగం: మెదడు, నాడులు › పద్ధతులు

1. లంబిక (బెంగళూరు)

ముక్కు నుంచి వాసన సంకేతం అందుకునే మెదడు భాగం ఆల్ఫాక్టరీ బల్బు. పెద్ద చిట్టెలుకల్లో అక్కడికి వచ్చే కొత్త న్యూరాన్లలో ఎన్ని బతుకుతాయో లెక్కపెట్టే ప్లాన్ పెడుతున్నాను, ఉతికి ఆరేయండి. ఎథిక్స్ కమిటీకి పంపేముందు తప్పులన్నీ ఇక్కడే తేలిపోవాలి.

8 వారాల చిట్టెలుకలు. బీఆర్‌డీయూ (విభజించే కణం డీఎన్ఏలో చేరి గుర్తుగా ఉండిపోయే రసాయనం) కిలోకి 100 మి.గ్రా., 2 గంటలకొకటి చొప్పున ఒకేరోజు 4 ఇంజెక్షన్లు. 15, 28, 45 రోజులకు పెర్ఫ్యూజన్ (మెదడు చెడకుండా రక్తనాళాల గుండా ఫిక్సేటివ్ ఎక్కించి తీయడం). ఆల్ఫాక్టరీ బల్బు 40 మైక్రాన్ల కోతలు, ఆరింటికొకటి తీసుకుని బీఆర్‌డీయూ, న్యూఎన్ (ఎదిగిన న్యూరాన్లను చూపే ప్రొటీన్) కలిపి స్టెయినింగ్, గ్రాన్యూల్ పొరలో లెక్క. ఇంకో గుంపులో ఒక ముక్కురంధ్రం మూసేస్తాం. 15వ రోజుకీ 45వ రోజుకీ మధ్య కొత్త కణాల్లో సగం దాకా పోతాయనీ, వాసన తెలియని చిట్టెలుకల్లో ఇంకా ఎక్కువ పోతాయనీ 2002లో పెట్రియాను, అల్వారెజ్-బుయా చూపించారు కదా, ఆ దారిలోనే.

అనుమానాలు రెండు. తగ్గుదల కనబడితే దాన్ని చావు అని రాయొచ్చా, లేక కణం విభజన చెందేకొద్దీ బీఆర్‌డీయూ పలచబడి కనిపించకుండా పోయిందని ఎవరైనా అంటే? రెండోది, ఇంట్రోలో మనుషుల బల్బు గురించి ఒక్క వాక్యం రాయాలి. ఎటు రాసినా దెబ్బలే అనిపిస్తోంది.

2. గుంటూరు_గ్లియా

పలచబడటం ఇక్కడ వర్తించదు లెండి. వరస చూడండి. పక్క వెంట్రికిల్ గోడలో ఆస్ట్రోసైట్ లక్షణాలున్న బి రకం మూలకణాలు, వాటి నుంచి జోరుగా విభజించే సి రకం, వాటి నుంచి ఎ రకం న్యూరోబ్లాస్టులు, అంటే ఇంకా ఎదగని న్యూరాన్లు. ఇవి ఒకదాన్ని ఒకటి పట్టుకుని పాకుతూ గొలుసుగా ముందుకు పోతాయి. దారి మొత్తం నాలుగైదు మిల్లీమీటర్లు, వారం లోపే బల్బు చేరేవి ఎక్కువ. దారిలో కూడా కొన్ని విభజిస్తాయి, నిజమే. కానీ గ్రాన్యూల్ పొరలోకి మళ్లి కొమ్మలు వేయడం మొదలెట్టాక విభజన ఆగిపోతుంది. 15వ రోజుకు పొరలో కూర్చున్న కణంలో ఎంత బీఆర్‌డీయూ ఉందో 45వ రోజుకూ అంతే ఉండాలి. పలచబడటం వల్ల పోయే లెక్క 2వ గంటకూ 10వ రోజుకూ మధ్య పోతుంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. బల్బు మధ్యలో ఆ ప్రవాహం చివరి భాగం ఉంటుంది, గుడ్డులో పచ్చసొనలా. 15వ రోజుకు అక్కడ వెనకబడిన న్యూరోబ్లాస్టులు ఇంకా ఉంటాయి. గ్రాన్యూల్ పొర గీత గీసేటప్పుడు దాన్ని కలిపేస్తే 15వ రోజు లెక్క ఊరికే ఉబ్బుతుంది, 45కి దిగుతుంది. చావు లేకుండానే చావు కనబడుతుంది. డీసీఎక్స్ (ఎదగని న్యూరాన్లలో ఉండే ప్రొటీన్) స్టెయిన్ పెట్టి ఆ మధ్యభాగాన్ని విడిగా గీయండి.

3. మల్లేశ్వరం_పెద్దాయన

బల్బు అంటే ఇంట్లో దీపం గుర్తొస్తోంది నాకు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఘ్రాణ లంబిక అని ఉండేది, ఈవిడ పేరు కూడా అదే కాబోలు. సరే, నాబోటి వాళ్ల కోసం ఒక్క మాట. బల్బులో ఉన్న న్యూరాన్లన్నీ మారుతుంటాయా, కొన్నేనా?

4. గుంటూరు_గ్లియా

కొన్నే, పెద్దాయన గారూ. ముక్కు నుంచి వచ్చిన సంకేతాన్ని మెదడులోకి మోసే మైట్రల్, టఫ్టెడ్ కణాలు పుట్టుకకు ముందువే, మళ్లీ రావు. కొత్తగా వచ్చేవి మధ్యవర్తులు. వాటిలో అత్యధికం గ్రాన్యూల్ కణాలు, కాసిన్ని గ్లోమెరులస్ (ముక్కు నరాల కొనలు వచ్చి కలిసే ముడి) చుట్టూ ఉండే పెరిగ్లోమెరులర్ కణాలు. గ్రాన్యూల్ కణానికి ఆక్సాన్ ఉండదు. మైట్రల్ కణం కొమ్మతో కొమ్మ కలిపి, అక్కడే సంకేతం పుచ్చుకుని అక్కడే గాబా అనే రసాయనంతో దాన్ని అణుస్తుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు వాసనలను విడదీయడంలో ఈ అణచివేతదే పెద్దపాత్ర. తీగలు పాతవే, వాటి మీద బిగించే మరలు కొత్తవి వస్తున్నాయనుకోండి.

5. కోరమంగళ_కాన్ఫోకల్

లంబిక గారూ, మీ ప్లాన్‌లో అసలు బాంబు డోసు. 4 x 100 అంటే ఒక్కరోజులో కిలోకి 400 మి.గ్రా. 2019లో మార్సెయ్ నుంచి ప్లాటెల్, క్రెమెర్ బృందం ఈలైఫ్ పత్రికలో వేసింది చదివారా? పుర్రెకు కిటికీ పెట్టి, టూ-ఫోటాన్ మైక్రోస్కోపు కింద అవే కణాలను మళ్లీ మళ్లీ చూశారు. తమ చోటుకు చేరి కుదురుకున్న కొత్త న్యూరాన్లలో పోయేవి చాలా తక్కువ. తర్వాత నెలల్లో చూసినా చెప్పుకోదగ్గ చావు లేదు. మరి అందరికీ కనబడే ఆ సగం తరుగు ఎక్కడిది? థైమిడిన్ అనలాగులను (డీఎన్ఏలో థైమిడిన్ చోట దూరే బీఆర్‌డీయూ లాంటి గుర్తులను) మామూలుగా వాడే డోసులో ఇస్తే చావు కనిపించింది, డోసు బాగా తగ్గిస్తే మాయమైంది. బల్బు జీవితాంతం పెరుగుతూనే ఉంటుందని కూడా కొలిచి చూపించారు. అంటే వాళ్ల మాట ప్రకారం ఇది పాతది పోయి కొత్తది రావడం కాదు, ఉన్నదానికి చేర్చుకుంటూ పోవడం.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. బీఆర్‌డీయూ అంటే థైమిడిన్‌లో మిథైల్ ఉండాల్సిన చోట బ్రోమిన్. అది డీఎన్ఏలో శాశ్వతంగా కూర్చుంటుంది. పాత ప్రయోగాల్లోని ట్రిషియం థైమిడిన్ అయితే లోపల కూర్చుని బీటా కిరణాలు వదులుతుంది. గుర్తు పెట్టిన చాకే గాయం చేస్తే, రాలిపోయిన వాటిని చూసి సహజ మరణం అంటున్నాం.

6. గుంటూరు_గ్లియా

ఒక్క పేపరుకు అంత సాగిలపడక్కర్లేదు అన్నా. 2008లో క్యోటో నుంచి ఇమాయోషి, కగెయామా వాళ్లు బీఆర్‌డీయూ ముట్టుకోలేదు. టామాక్సిఫెన్ ఇచ్చి నెస్టిన్ జన్యువు నడిచే కణాలకు, అంటే మూలకణాలకు, శాశ్వత గుర్తు పెట్టారు. బల్బు గ్రాన్యూల్ కణాల్లో ఎక్కువ భాగం కొత్తవాటితో నిండిపోయింది. కొత్త కణాల రాకను డిఫ్తీరియా టాక్సిన్‌తో ఆపేస్తే గ్రాన్యూల్ కణాల సంఖ్య క్రమంగా పడిపోయింది. చేర్పు మాత్రమే అయితే, రాక ఆగినప్పుడు సంఖ్య ఉన్నచోట నిలబడాలి కదా, దిగడమెందుకు?

7. కోరమంగళ_కాన్ఫోకల్

మంచి పోటు. గుర్తున్న కణాల శాతం పెరగడం ఒక్కటే అయితే చేర్పుతో కూడా పెరుగుతుంది, మొత్తం లెక్క పక్కన లేకపోతే ఆ శాతం ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. రాక ఆపితే తగ్గడం మాత్రం నా పక్షానికి ఇబ్బందే, ఒప్పుకుంటా. టాక్సిన్‌తో చచ్చే కణాల పక్కన ఉన్నవాటికి ఏమవుతుందనేది నా పేచీ, కానీ అది పేచీ మాత్రమే. ప్లాటెల్ వాళ్లు గట్టిగా చెప్పగలిగింది చేరిన తర్వాతి సంగతి. వెంట్రికిల్ గోడలో, దారిలో చచ్చేవాటి గురించి వాళ్ల కిటికీ ఏమీ చెప్పదు.

లంబిక గారికి పనికొచ్చే ముక్క ఒక్కటే. ఎక్కువ డోసులో చేసిన బతుకు-లెక్కను ఇకమీదట రివ్యూయర్ నమ్మడు. డోసు మెట్లు లేకుండా వెళ్లకండి.

8. లంబిక

అర్థమైంది. ముక్కు మూసిన గుంపు, మూయని గుంపు రెండింటికీ అదే డోసు ఇస్తే విషప్రభావం రెండు వైపులా సమానమై కొట్టుకుపోదా?

9. కోరమంగళ_కాన్ఫోకల్

పోదు. గాయపడిన కణానికి ఊతం తగ్గితే ముందుగా రాలుతుంది. మీరు కొలిచేది 'వాసన లేకపోతే కొత్త న్యూరాన్ చస్తుందా' అని కాదు, 'బీఆర్‌డీయూ దెబ్బ తిన్న న్యూరాన్ వాసన లేకపోతే చస్తుందా' అని. రెండూ వేరు ప్రశ్నలు.

10. సూదిమందు

మెట్లు ఇలా పెట్టండి: 100, 50, 25, 10. ఒక్కొక్కటి ఒకే ఇంజెక్షన్. నాలుగేసి వద్దు.

ఇక్కడ జరిగే మామూలు పొరపాటు ఒకటుంది. 10 మి.గ్రా./మి.లీ. స్టాక్ ఒక్కటే కలిపి, డోసు తగ్గించడానికి ఎక్కించే పరిమాణం తగ్గిస్తారు. 25 గ్రాముల చిట్టెలుకకు 50 మి.గ్రా./కిలో అంటే 1.25 మి.గ్రా., అంటే 0.125 మి.లీ. అదే స్టాక్‌తో 10 మి.గ్రా./కిలో ఇవ్వాలంటే 0.025 మి.లీ. సూది మొనలో నిలిచిపోయేదే దాదాపు అంత ఉంటుంది. అప్పుడు డోసు మెట్టు కాదు, లాటరీ. స్టాక్‌నే పలచన చేయండి: 20, 10, 5, 2 మి.గ్రా./మి.లీ. అప్పుడు ఏ మెట్టుకైనా 0.125 మి.లీ.నే ఎక్కుతుంది. 20 కరగడం కష్టం, మొరాయిస్తే ఆ ఒక్క మెట్టుకు 10 స్టాక్ 0.25 మి.లీ. ఇచ్చి, రాసుకోండి.

చల్లటి సెలైన్‌లో బీఆర్‌డీయూ సరిగ్గా కరగదు. 0.9% సెలైన్‌ను 45–50 డిగ్రీలకు వేడిచేసి, కలిపి, 0.2 మైక్రాన్ల ఫిల్టర్. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే అడుగున తెల్లగా పేరుకుంటుంది. అది గమనించకుండా పైతేట ఎక్కిస్తే మొదటి జంతువుకు తక్కువ, చివరి జంతువుకు ఎక్కువ. అల్యూమినియం రేకు చుట్టండి, వెలుతురు పడదు దానికి. గ్లవ్స్ తప్పనిసరి, మ్యూటజెన్ అది. పంజరంలో పరిచిన మొదటి రెండు రోజుల పొట్టును కూడా మామూలు చెత్తలో వేయొద్దు.

11. చెన్నై_క్రయోస్టాట్

లెక్క సంగతి తర్వాత. ముందు బల్బు చేతికి రావాలి. చిట్టెలుక బల్బు పొడవు 3 మి.మీ. లోపే, రెండు కళ్ల మధ్య ఎముక కింద ఇరుక్కుని ఉంటుంది. అందరూ వెనకనుంచి పుర్రె ఒలుచుకుంటూ వచ్చి, ముందు భాగం దగ్గర ఓపిక పోయి లాగేస్తారు. బల్బు అక్కడే ఉండిపోతుంది. ఇంకా ఘోరం, బల్బు వస్తుంది గానీ గ్లోమెరులర్ పొర ఎముకకు అతుక్కుని ఒలిచిన ఉల్లిపొరలా ఉండిపోతుంది. సన్న కత్తెర మొన పైకి ఉంచి నడినెత్తి గీత మీదుగా ముక్కుదాకా కత్తిరించండి, ఎముకను రెండు పక్కలకూ విరవండి. తర్వాత మెదడును ఎత్తకుండా, బల్బు కింద సన్నని స్పాచ్యులా జారించి జల్లెడ ఎముకలోంచి (ముక్కుకూ మెదడుకూ మధ్య ఉండే చిల్లుల ఎముక) వచ్చే నరాలను కోయండి. అప్పుడు ఎత్తాలి.

4% పారాఫార్మాల్డిహైడ్‌లో ఒక్క రాత్రి, 4 డిగ్రీల దగ్గర. వారాంతం వదిలేస్తే సోమవారానికి డీసీఎక్స్ మసకబారుతుంది. 30% పంచదారలో ముక్క మునిగేదాకా ఉంచండి, తేలుతుంటే తీయొద్దు. మా ఊళ్లో క్రయోస్టాట్ (గడ్డకట్టిన కణజాలాన్ని కోసే యంత్రం) కిటికీ తెరిచిన ప్రతిసారీ గాలిలో తేమ యాంటీ-రోల్ గాజు మీద మంచై కూర్చుంటుంది, కోత చుట్టుకుపోతుంది. మీ బెంగళూరు వాళ్లకు ఆ బాధ వానాకాలంలోనే. ఫ్రీజింగ్ మైక్రోటోమ్ ఉంటే అదే మేలు.

40 మైక్రాన్ల చొప్పున మొత్తం బల్బుకు డెబ్బై దాకా కోతలు వస్తాయి, ఆరింటికొకటి అంటే పన్నెండు. మొదటి కోత ఎక్కడ మొదలెట్టాలో పాచిక వేసి 1 నుంచి 6లో ఒకటి ఎంచుకోండి. ఎప్పుడూ మొదటిదాంతోనే మొదలెడితే శాంప్లింగ్ కాదది.

12. సూదిమందు

స్టెయినింగ్. బీఆర్‌డీయూ యాంటీబాడీ రెండు పోగుల డీఎన్ఏలోకి చొరబడలేదు, పోగులు విడదీయాలి. 2 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్, 37 డిగ్రీలు, 30 నిమిషాలు. ఇక్కడ దొరికే సీసాల్లో చాలావాటి మీద 35% అని ఉంటుంది, అది సుమారు 11.3 నార్మల్. 100 మి.లీ. చేయడానికి 17.7 మి.లీ. యాసిడ్ చాలు. సీసా మీద 37% ఉంటే 12 నార్మల్, 16.7 మి.లీ. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, తెలిసిందే. తర్వాత 0.1 మోలార్ బోరేట్ బఫర్, పీహెచ్ 8.5, పదేసి నిమిషాలు రెండుసార్లు. ఇది ఎగ్గొడితే యాసిడ్ మిగిలి, పోసిన యాంటీబాడీని పాడుచేస్తుంది, బ్లాంక్ వస్తుంది.

బీఆర్‌డీయూకి ర్యాట్ క్లోన్ బీయూ1/75. న్యూఎన్‌కి మౌస్‌లో చేసిన ఎ60 వాడితే, మౌస్ కణజాలం మీద సెకండరీ యాంటీబాడీ రక్తనాళాలన్నిటినీ వెలిగిస్తుంది. కుందేలు యాంటీ-న్యూఎన్ తీసుకోండి, గొడవ వదిలిపోతుంది. ఇంకొకటి, మైట్రల్ కణాలు న్యూఎన్ పట్టవు. ఆ వరస నల్లగా ఖాళీగా కనబడితే యాంటీబాడీ పాడైందనుకుని పారేయకండి.

యాసిడ్ గొడవ వద్దనుకుంటే బీఆర్‌డీయూ బదులు ఈడీయూ అనే ఇంకో గుర్తు, దానికి యాంటీబాడీ బదులు క్లిక్ అనే రసాయన చర్యతో రంగు అంటిస్తారు. క్లిక్ రియాక్షన్‌కు పోగులు విడదీయక్కర్లేదు. సోడియం ఆస్కార్బేట్ ఆ రోజుకారోజు కలుపుకోవాలి, పసుపు తిరిగితే పారబోయాలి. క్లిక్‌లో వాడే రాగి జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) వెలుగును తగ్గిస్తుంది, ఆ చిట్టెలుకల్లో అయితే క్లిక్ తర్వాత జీఎఫ్‌పీ యాంటీబాడీ పోయండి. ఒకే జంతువులో రెండూ వాడితే బీఆర్‌డీయూ యాంటీబాడీల్లో చాలావరకు ఈడీయూని కూడా పట్టేస్తాయి. మోబీయూ-1 క్లోన్ పట్టదు. ఈడీయూ వాడినంత మాత్రాన కాన్ఫోకల్ గారి గొడవ తీరిపోదు, అదీ థైమిడిన్ అనలాగే. దానికీ డోసు మెట్లు కావాలి.

13. కోరమంగళ_కాన్ఫోకల్

లెక్కపెట్టేవాళ్లకు రెండు ముక్కలు. 40 మైక్రాన్ల కోత స్లైడ్ మీద ఆరాక చాలాసార్లు సగానికి సగం నలిగిపోతుంది. మందం ప్రతి స్లైడ్‌లో కొలవండి, కోత యంత్రం మీద ఉన్న అంకె రాయకండి. యాంటీబాడీ పైనుంచీ కిందనుంచీ దిగి మధ్యలో ఆగిపోతే జడ్ స్టాక్‌లో శాండ్‌విచ్‌లా కనబడుతుంది, నడుమ చీకటి. ఆ ముక్కలో లెక్క పనికిరాదు, ప్రైమరీ యాంటీబాడీని 4 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచి మళ్లీ చేయండి.

చావు నేరుగా చూడాలని కాస్పేస్-3 (చస్తున్న కణంలో చురుకయ్యే ఎంజైము) స్టెయిన్ పెడతారు. పెట్టండి, కానీ కణం ఆ దశలో ఉండేది కొన్ని గంటలే. కోతకు ఒకటో రెండో కనబడితే 'చావు లేదు' అని రాయకండి.

మీ ప్రధానమైన లెక్క ఇది: గ్రాన్యూల్ పొర ఘనపరిమాణం, మొత్తం న్యూఎన్ కణాలు, కొత్తవి, మూడూ కలిపి రిపోర్ట్ చేయాలి. సాంద్రత ఒక్కటే ఇస్తే, పొర పెరిగినందుకు తగ్గినట్టు కనబడుతుంది.

14. గుంటూరు_గ్లియా

ముక్కు మూయడం గురించి ఎవరూ మాట్లాడలేదు. చిట్టెలుక ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, నోటితో కాదు. రెండూ మూయడమనే మాటే లేదు. ఒకవైపు కాటరీ (కాల్చి మూయడం) చేస్తే కొన్ని రోజుల్లో తెరుచుకునేవి ఉంటాయి. పైనుంచి చూస్తే మూసినట్టే ఉంటుంది. రుజువుకు టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైముకు స్టెయిన్ పెట్టండి: మూసిన వైపు పెరిగ్లోమెరులర్ పొరలో అది స్పష్టంగా పడిపోవాలి. పడిపోకపోతే ఆ జంతువును తీసేయాలి, అదీ కొత్త కణాలు లెక్కపెట్టకముందే, ఎవరిదో తెలియకుండా.

తెరిచిన వైపును కంట్రోల్ అనుకోవద్దు. గాలంతా అటే పోతుంది, దానికి మామూలుకన్నా ఎక్కువ వాసన అందుతుంది. ఉత్తుత్తి కాటరీ చేసిన వేరే గుంపు కావాల్సిందే.

15. డాక్టర్_ముక్కు

మనుషుల వాక్యం నేను ఇస్తాను. 2012లో స్టాక్‌హోమ్ కరోలిన్స్కా నుంచి బెర్గ్‌మాన్, ఫ్రిసెన్ వాళ్లు కార్బన్-14తో తేల్చారు. 1955 నుంచి 1963 దాకా నేలపైన జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఎగబాకింది, పరీక్షల నిషేధ ఒప్పందం తర్వాత దిగుతూ వచ్చింది. కణం పుట్టిన ఏటి గాలి డీఎన్ఏలో ముద్రపడిపోతుంది. బల్బు న్యూరాన్ల ముద్ర ఆ మనిషి పుట్టిన ఏటికి సరిపోయింది. కొత్తవి వచ్చినా వందేళ్లలో 1 శాతానికి తక్కువే అని లెక్కకట్టారు. అదే బల్బులో న్యూరాన్లు కాని కణాలు మాత్రం మారుతున్నాయి. 2011లో సనాయ్ వాళ్లు పసిపిల్లల్లో వలస దారిని చూశారు, ఏడాదిన్నర వయసుకు అది దాదాపు ఎండిపోతుంది. 2007లో కర్టిస్ వాళ్లు పెద్దల్లోనూ ప్రవాహం ఉందన్నారు. దారి ఆనవాలు ఉండటం వేరు, దాని మీద బండ్లు నడవడం వేరు.

కాబట్టి 'పెద్ద చిట్టెలుకల్లో' అని మొదలెట్టండి, 'క్షీరదాల్లో' అని కాదు. నిమ్హాన్స్ బ్రెయిన్ బ్యాంక్ లాంటి చోట్ల నుంచి కణజాలం తీసుకునే ఆలోచన ఉంటే, మరణానికీ ఫిక్సేషన్‌కూ మధ్య ఎన్ని గంటలో ముందు అడగండి. ఆలస్యమైతే డీసీఎక్స్ ఉన్నా కనబడదు. ముసలి కణజాలంలో లిపోఫ్యుసిన్ (వయసుతో కణాల్లో పేరుకునే పదార్థం) అన్ని రంగుల్లోనూ వెలిగి, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది.

16. మల్లేశ్వరం_పెద్దాయన

మనకు బల్బులో కొత్తవి రావంటే, జలుబుకో కోవిడ్‌కో పోయిన వాసన మళ్లీ ఎలా వస్తోంది?

17. డాక్టర్_ముక్కు

అది బల్బు పని కాదు, ముక్కు పైకప్పు పని. అక్కడి వాసన న్యూరాన్లు నేరుగా గాలికి తగిలి దెబ్బతింటుంటాయి. వాటి కింద పొరలోని బేసల్ కణాలు జీవితాంతం కొత్తవి తయారుచేస్తాయి, మనుషుల్లోనూ. కొత్తది పుట్టి జల్లెడ ఎముక దాటి పాత బల్బులో తన గ్లోమెరులస్ వెతుక్కోవాలి. కోవిడ్‌లో వైరస్ కణంలోకి దూరడానికి కావాల్సిన ఏస్-2 ప్రొటీన్ వాసన న్యూరాన్ల మీద కాదు, పక్కనుండే ఊత కణాల మీద ఉంటుందని 2020లో తేలింది. చాలామందికి కొద్ది వారాల్లో తిరిగి రావడానికి అదొక కారణం. తలకు దెబ్బ తగిలి జల్లెడ దగ్గర నరాలు తెగితే కథ వేరు, మచ్చ అడ్డుపడుతుంది. కొత్తవి తప్పు గ్లోమెరులస్‌లో దిగితే కాఫీ మసివాసన కొడుతుంది.

డ్రెస్డెన్‌లో హుమెల్ 2009లో పరీక్షించిన పద్ధతి చవకైనది: గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి. నాలుగు చిన్న గోధుమరంగు సీసాలు, దూది మీద నూనె చుక్కలు. ఒక్కోటి 10 సెకన్లు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, 12 వారాలు. గట్టిగా పీల్చొద్దు, చిన్నగా మూడు నాలుగు సార్లు. గాంధీ బజార్‌లో నాలుగూ దొరుకుతాయి, అగరుబత్తి సెంట్ మాత్రం వద్దు, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. దూది నెలకోసారి మార్చకపోతే నిమ్మ ముందు చచ్చిపోతుంది, రోగి తనకే తెలియడం లేదనుకుంటాడు.

నీలగిరి చురుక్కుమంటే వాసన వచ్చిందని సంబరపడొద్దు. అది ట్రైజెమినల్ నరం, ఉల్లి కోస్తే కళ్లు మండించేది అదే. గులాబికి ఆ ఘాటు లేదు, అసలు పరీక్ష దానితో. ఇంట్లో వాసన తెలియని మనిషి వంట చేస్తుంటే గ్యాస్ లీక్ అలారం ఈరోజే పెట్టించండి. సిలిండర్‌లో కలిపే మెర్‌కాప్టాన్ కంపు వాళ్లకు అందదు.

18. లంబిక

సవరించిన ప్లాన్: ఒకే ఇంజెక్షన్, నాలుగు డోసులు, స్టాక్ పలచన చేసి ఒకే పరిమాణం. 100 మెట్టును మాత్రం 10 స్టాక్‌తో 0.25. ఉత్తుత్తి కాటరీ గుంపు. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ చూసి జంతువుల తీసివేత, ఎవరిదో తెలియకుండా. మధ్య ప్రవాహాన్ని డీసీఎక్స్‌తో గీసి విడిగా లెక్క. ఘనపరిమాణం, మొత్తం, కొత్తవి. శీర్షికలోంచి 'టర్నోవర్' (పాతది పోయి కొత్తది రావడం) అనే మాట తీసేశాను. 10 మి.గ్రా. మెట్టులో గుర్తు పట్టే కణాలే మరీ తక్కువైతే?

19. సూదిమందు

తక్కువే అవుతాయి. అప్పుడు ఆరింటికొకటి కాకుండా మూడింటికొకటి తీసుకోండి. 0.25 సంగతి ఒకటి: మిగతా మూడు మెట్లకూ ఇంకో 0.125 ఉత్త సెలైన్ కలిపి పరిమాణం సమం చేయండి. లేకపోతే రివ్యూయర్ అదే పట్టుకుంటాడు.